నీళ్లు ఎక్కడివో చెప్పాకే మంత్రం: రోల్‌ప్లేయింగ్ ఆటల్లో మాయకు హౌస్ రూల్స్

రాయలసీమ కథతో డంజన్స్ అండ్ డ్రాగన్స్, అంటే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కొక్కరూ ఒక పాత్రగా కథను నడిపే ఆట, ఆడదామని కూర్చున్న జట్టుకు తొలి ఆటలోనే ఒక చిక్కు వస్తుంది. ఆటను నడిపించే గేమ్ మాస్టర్ కరువు కథ రాసుకుని ఉంటాడు. బావులు అడుగంటాయి, చెరువు నెర్రెలు విచ్చింది, ఊరు వలసకు మూటలు కట్టుకుంటోంది. అంతలో దైవశక్తితో మంత్రాలు వేసే క్లెరిక్ పాత్ర ఆడుతున్నవాళ్లు ‘క్రియేట్ ఆర్ డిస్ట్రాయ్ వాటర్’ మంత్రం బయటికి తీస్తారు. ఒకటో స్థాయి స్లాట్, అంటే రోజుకు ఇన్నని ఉండే మంత్రాల వాటాల్లో ఒకటి, ఖర్చుపెడితే పది గ్యాలన్లు, అంటే దాదాపు 38 లీటర్ల మంచినీళ్లు వస్తాయి. స్లాట్ స్థాయి ఒక్కో మెట్టు పెరిగితే మరో పది గ్యాలన్లు. ఐదో లెవెల్ (పాత్ర ఎదుగుదలలో ఐదో మెట్టు) క్లెరిక్‌కు ఒకటో స్థాయి స్లాట్లు నాలుగు, రెండో స్థాయివి మూడు, మూడో స్థాయివి రెండు. అన్నీ నీళ్లకే పెడితే 40, 60, 60 కలిపి 160 గ్యాలన్లు, ఆరువందల లీటర్ల పైమాటే. ఎండల్లో మనిషికి రోజుకు రెండు గ్యాలన్లు కావాలని ఆ నిబంధనలే చెబుతాయి. అంటే ఎనభై మందికి సరిపడా నీళ్లు, రోజూ, ఒక్క మనిషి చేతి మీదుగా.

తిండి సంగతీ అంతే. మూడో స్థాయి ‘క్రియేట్ ఫుడ్ అండ్ వాటర్’ ఒక్కసారి వేస్తే పదిహేను మందికి ఒక రోజు గడుస్తుంది. రెండు స్లాట్లతో ముప్పై మంది. ఇక ప్రకృతి మంత్రాలు వేసే డ్రూయిడ్ అయితే ఒకటో లెవెల్‌లోనే, రెండు స్లాట్లతో ‘గుడ్‌బెర్రీ’ వేసి ఇరవై పండ్లు పుట్టిస్తుంది. పండుకొక మనిషి చొప్పున ఇరవై మందికి ఆ రోజు ఆకలి ఉండదు. మూడు నెలలు సాగాల్సిన కరువు కథ మొదటి సాయంత్రమే అయిపోతుంది.

ఇందులో ఆడేవాళ్ల తప్పేమీ లేదు. పుస్తకం తప్పు కూడా కాదు. ఆ నిబంధనలు నేలమాళిగల్లో తిరిగే సాహసికుల కోసం రాసినవి. అక్కడ కొరత హిట్ పాయింట్లకు (పాత్ర ప్రాణబలం లెక్క), సమయానికి. నీళ్లు సామాన్ల జాబితాలో ఒక వరుస మాత్రమే. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురంలో, 1876-78 నాటి ధాత కరువు పేరు పెద్దల నోట ఇంకా వినబడే నేల మీద కథ పెట్టినప్పుడు లెక్క తలకిందులవుతుంది. కథలో దేనికి కరువుందో మంత్రానికి అదే ధర కావాలి. ధర ఎవరు కడతారు, ఎప్పుడు కడతారు, అది బల్ల చుట్టూ కూర్చున్న అందరికీ కనబడుతుందా? మాయకు సంబంధించి జట్టు సొంతంగా పెట్టుకునే ఏ నిబంధననైనా, అంటే హౌస్ రూల్‌నైనా, ఈ మూడు ప్రశ్నలతో తూచవచ్చు. చాలా హౌస్ రూల్స్ చెడిపోయేది మంత్రం బలాన్ని తగ్గించడమో పెంచడమో మాత్రమే చూసి, ధర సంగతి వదిలేయడం వల్లే.

ఇక్కడి అంకెలన్నీ ఐదో ఎడిషన్ 2014 నిబంధనలవి. వాటిలో ప్రధాన భాగం, ఎస్‌ఆర్‌డీ (సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్) 5.1, 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా దొరుకుతోంది. మూలాన్ని పేర్కొంటే చాలు, తెలుగులోకి తెచ్చుకుని పంచుకోవడానికి కూడా అనుమతి ఉంది. కర్నూలు, కడప హాస్టళ్లలో ఆడేవాళ్లు వేలు పోసి పుస్తకాలు తెప్పించుకోనక్కర్లేదు. 2024 సవరణలో కొన్ని మంత్రాలు మారాయి కాబట్టి ఏ ప్రతితో ఆడుతున్నారో మాత్రం ముందే తేల్చుకోవాలి. ఒకరు పాతదీ ఒకరు కొత్తదీ పట్టుకుని కూర్చుంటే హౌస్ రూల్ మీద జరిగే గొడవల్లో సగం అసలు హౌస్ రూల్ గురించే ఉండవు.

నీళ్ల దగ్గరికి వెళ్లేముందు, జట్లు తరచుగా చేసే మార్పుల్లో కొన్ని ఎక్కడ తెగుతాయో చూడాలి.

అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది స్లాట్లు తీసేసి పాయింట్లు పెట్టడం. ఇది గేమ్ మాస్టర్ల పుస్తకంలోనే ఐచ్ఛిక నిబంధనగా ఉంది. ఒకటో స్థాయి మంత్రానికి 2 పాయింట్లు, రెండోదానికి 3, మూడోదానికి 5. ఐదో లెవెల్ విజార్డ్‌కు (చదువుతో మంత్రాలు నేర్చిన పాత్ర) మొత్తం 27. స్లాట్లను పాయింట్లలోకి మార్చి చూస్తే నాలుగు రెళ్లు ఎనిమిది, మూడు మూళ్లు తొమ్మిది, రెండు ఐదులు పది, సరిగ్గా 27. కాగితం మీద ఎక్కడా తేడా లేదు. ఆటలో మాత్రం రెండుసార్లు వేయాల్సిన మూడో స్థాయి మంత్రం ఫైర్‌బాల్‌ను అదే విజార్డ్ ఐదుసార్లు వేస్తాడు. ఒక్కోటి ఎనిమిది ఆరుముఖాల పాచికలు, సగటున 28 నష్టం, ఇరవై అడుగుల వ్యాసార్థంలో ఉన్న ప్రతి శత్రువుకూ. చిన్న మంత్రాలు చిన్న స్లాట్లలో ఇరుక్కుని ఉండడమే అసలు అదుపు. పాయింట్లు ఆ గోడను తీసేస్తాయి. అలా తీసేస్తే ఆటగాడు ఉన్నదాంట్లో బలమైన మంత్రాన్నే పదేపదే వేస్తాడు, అది సహజం.

దీనికి చౌకైన మందు ఉంది. నిద్ర తీసేలోపు అదే మంత్రాన్ని మళ్లీ వేస్తే ప్రతిసారీ ధర రెండు పాయింట్లు పెరుగుతుంది. ఫైర్‌బాల్ మొదట 5, తర్వాత 7, ఆపైన 9. మూడింటికి 21 పోతాయి, మిగిలిన ఆరుతో నాలుగోది కుదరదు. ఒక్క పాయింటే పెంచితే 5, 6, 7, 8 కలిపి 26, నాలుగు వేస్తాడు. రెండు పెంచడమే మంచిది. ఐదు కాస్తా మూడవుతాయి, మిగతా పాయింట్లతో వేరే మంత్రాలు కూడా బయటికొస్తాయి. అందరూ పాయింట్లు అడిగేది ఆ వైవిధ్యం కోసమేగా.

తర్వాతది మంత్రం ఫలించిందో లేదో పాచిక వేసి చూడటం. విజార్డ్ ఇరవైముఖాల పాచిక వేసి, తన +7 కలిపి, కనీసం 15 తెచ్చుకోవాలి అంటారు. అవకాశం 65 శాతం, న్యాయంగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ మనిషిని కదలకుండా చేసే ‘హోల్డ్ పర్సన్’ లాంటి మంత్రాల్లో శత్రువుకు అసలే ఒక సేవ్, అంటే పాచిక వేసి తప్పించుకునే అవకాశం, ఉంది. సేవ్‌లో +2 ఉన్న శత్రువు డీసీ (అందుకోవాల్సిన అంకె) 15 ముందు 60 శాతం సార్లు ఓడిపోతాడు. 65 శాతంలో 60 శాతం అంటే 39. సగానికంటే ఎక్కువసార్లు విజార్డ్ వంతు వృథా, స్లాట్ కూడా పోతుంది. పక్కనే ఐదో లెవెల్ ఫైటర్ ఒక్కో వంతులో రెండు దెబ్బలు వేస్తుంటాడు, తప్పినా అతనికి పోయేదేమీ లేదు. రెండు మూడు వారాల్లో విజార్డ్ ఆడే మనిషి మంత్రాలు మానేసి, స్లాట్ అక్కర్లేని చిన్న మంత్రాలకు, కాంట్రిప్‌లకు, పడిపోతాడు. మాయ ప్రమాదకరంగా అనిపించాలని పెట్టిన నిబంధన మాయనే బల్ల మీంచి తోసేసింది.

ప్రమాదం కావాలంటే మంత్రం ఫలించాల్సిందే, పాచిక నిర్ణయించాల్సింది దాని వెనక వచ్చే ధరను మాత్రమే. రెండూ ఒకేలా ఉన్నట్టుంటాయి, కానీ ఒకటి ఆటగాడి చేతిలోంచి ఆటను లాక్కుంటుంది, ఇంకొకటి కథకు సామగ్రి ఇస్తుంది.

విశ్రాంతి నిబంధనల్లో చేసే మార్పు ఇంకో రకంగా తేడా కొడుతుంది. పుస్తకం లెక్కలో రోజుకు ఆరు నుంచి ఎనిమిది పోరాటాలు. ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలు ఆడే జట్టు రెండుకు మించి చేయలేదు. దాంతో రోజూ నిద్రలేవగానే స్లాట్లు నిండుగా ఉంటాయి. అందుకని చిన్న విశ్రాంతికి ఎనిమిది గంటలు, స్లాట్లన్నీ తిరిగి నింపే పెద్ద విశ్రాంతికి ఏడు రోజులు అనే ఐచ్ఛిక నిబంధనను అమలు చేస్తారు. కవచం మంత్రం ‘మేజ్ ఆర్మర్’ ఎనిమిది గంటలే ఉంటుందన్న సంగతి అప్పుడు గుర్తుకురాదు. వారానికి సరిపెట్టుకోవాల్సిన స్లాట్లలో రోజుకొకటి ఒక్క కవచానికే పోతుంది. విశ్రాంతిని సాగదీస్తే గంటల్లో చెప్పిన మంత్రాల గడువునూ ‘తదుపరి పెద్ద విశ్రాంతి వరకు’ అని సాగదీయాలి. వార్‌లాక్, మాంక్, ఫైటర్ చిన్న విశ్రాంతితో కోలుకునే తరగతులు (పాత్రల రకాలు), వాళ్లకు తగిలే దెబ్బ వేరు. గంటలతో పెట్టుకోకుండా చోటుతో ముడిపెడితే తేలిక: సత్రంలోనో కోటలోనో తెలిసిన ఊళ్లోనో పడుకుంటేనే పెద్ద విశ్రాంతి, గుట్టల్లో మకాం వేస్తే చిన్నదే. గడువుల జోలికి వెళ్లకుండానే పని జరుగుతుంది.

కాన్సన్‌ట్రేషన్‌ను, అంటే మనసు నిలిపి ఉంచాల్సిన మంత్రం ఒకేసారి ఒక్కటే ఉండాలన్న నిబంధనను, మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. మర్చిపోతున్నామని తీసేసే జట్లున్నాయి. తీసేస్తే ఐదో లెవెల్ క్లెరిక్ ఒకేసారి ‘బ్లెస్’నూ ‘స్పిరిట్ గార్డియన్స్’నూ నిలబెట్టుకుని యుద్ధం మధ్యలోకి నడిచిపోతుంది, మిగతావాళ్లకు పని ఉండదు. మర్చిపోకుండా ఉండడానికి ఆ పాత్ర ముందు ఒక ఎర్ర గురిగింజ పెడితే చాలు. దెబ్బ తగలగానే గింజ కనబడుతుంది, పదికి లేదా నష్టంలో సగానికి, ఏది ఎక్కువైతే దానికి, కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) సేవ్ వేయాలని గుర్తొస్తుంది. స్లాట్లకు చింతగింజలు పెట్టుకోవచ్చు. మంత్రం వేసినప్పుడల్లా గింజ బల్ల మధ్యకు పోతుంది, ధర అందరి కళ్లముందే తరుగుతుంది.

ఇక నీళ్లు.

నిబంధన మూడే వాక్యాలు. మంత్రం నీళ్లను పుట్టించదు, ఉన్నచోటు నుంచి తెస్తుంది. మంత్రం వేసేవాళ్లు ఆ రోజు ఏ నీళ్లు తాగారో ఆ నీళ్లనే పిలవగలరు. ప్రతి నీటి చోటుకూ ఒక పాచిక ఉంటుంది, పిలిచిన ప్రతిసారీ దాన్ని వేయాలి, 1 గానీ 2 గానీ పడితే ఒక మెట్టు చిన్న పాచికకు దిగుతుంది.

ఈ తరిగే పాచిక పద్ధతి ‘ద బ్లాక్ హ్యాక్’ అనే ఆటతో బాగా వాడుకలోకి వచ్చింది. అక్కడ బాణాలకూ దివిటీలకూ వాడతారు, ఇక్కడ బావికి. వంక ఇసుకలో తవ్విన చెలమకు డీ4 (నాలుగుముఖాల పాచిక), ఊరి బావికి డీ6, దిగుడుబావికి డీ8, చెరువుకు లేదా కోట లోపలి కోనేటికి డీ10. మహానంది దగ్గరలా ఏడాది పొడవునా ఊరే ఊటకు డీ12. డీ4 మీద 1 గానీ 2 గానీ పడితే ఆ చోటు ఎండిపోయినట్టే.

ఎన్నిసార్లు పిలిస్తే ఎండుతుందో ముందే అంచనా కట్టవచ్చు. ఏ పాచికైనా ఒక మెట్టు దిగడానికి సగటున దాని ముఖాల్లో సగం సార్లు పడుతుంది. డీ4కు రెండు, డీ6కు మూడు, డీ8కు నాలుగు. కాబట్టి చెలమ రెండుసార్లకు, ఊరి బావి 3+2 కలిపి ఐదుసార్లకు, దిగుడుబావి తొమ్మిదిసార్లకు, చెరువు పద్నాలుగుసార్లకు ఎండుతాయి. డీ12 ఊట ఇరవైసార్లు ఆగుతుంది. ఐదో లెవెల్ క్లెరిక్‌కు తొమ్మిది స్లాట్లు ఉన్నాయి, అంటే ఒక ఊరి బావిని ఒక్క పూటలో ముగించేయగలదు. ఎనభై మందికి నీళ్లు ఇప్పటికీ ఇవ్వగలదు. కాకపోతే ఇప్పుడా నీళ్లు పక్క ఊరివి. మంత్రం బలం చుక్క కూడా తగ్గలేదు, ధర మాత్రం కథలో ఉన్న మనుషుల మీదికి వచ్చింది.

‘ఆ రోజు తాగిన నీళ్లు’ అన్న షరతు అలంకారం కాదు. మొదట చాలామంది ‘ఒక మైలు లోపల ఉన్న ఏ నీళ్లైనా’ అని దూరంతో రాస్తారు. గండికోట లాంటి దుర్గాన్ని ముట్టడించే ఘట్టం రాగానే అది తెగిపోతుంది. పెన్నా లోయ అవతలి ఒడ్డున కూర్చున్న క్లెరిక్ కోట లోపలి డీ10 కోనేటిని రెండు రోజుల్లో పీల్చేస్తుంది. గోడ ఎక్కనక్కర్లేదు, కత్తి తీయనక్కర్లేదు. తాగితేనే పిలవగలం అన్నప్పుడు ఎవరో ఒకరు లోపలికి వెళ్లి కోనేటి నీళ్లు గొంతు దాటించి రావాలి. యాత్రికుల వేషమా, బిందె మోసే పనా, లోపలి మనిషి సాయమా? ముట్టడి మళ్లీ ముట్టడవుతుంది.

ఇదే షరతు ఊళ్లో ఇంకో ప్రశ్నను తెస్తుంది: ఏ బావి దగ్గర ఎవరిని తాగనిస్తారు? ఈ నేల చరిత్రలో అది తేలిక ప్రశ్న కాదు. నిజాయితీగా రాసిన రాయలసీమ కథలో అది రాకుండా ఉండదు. జట్టులో ఎవరి ఇంటి అనుభవం ఏమిటో మిగతావాళ్లకు తెలియకపోవచ్చు. అందుకే ఆట మొదలవక ముందే, పాత్రలు తయారుచేసుకునే రోజునే, ఇది కథలోకి రావాలా, వస్తే ఎంతవరకు అని అడిగి తేల్చుకోవాలి. ఒక్కరు వద్దన్నా ఊరంతటికీ ఒకే బావి అని రాసుకుంటే నిబంధనకు వచ్చే నష్టం లేదు.

అసలు రుచి తరిగే పాచిక మీద 1 పడినప్పుడు ఉంది. 2 పడితే మెట్టు దిగుతుంది, అంతే. 1 పడితే మెట్టు దిగడంతో పాటు దోషం కూడా తగులుతుంది. దోషాల కోసం ఎక్కడో వెతకనక్కర్లేదు, కడప జిల్లాలోనే ఉన్నాయి. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువది. రెండేళ్ల పాటు రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు పనిచేశాయని ఆ శాసనం చెబుతుంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తప్పించుకోవలసిన ఆరు దోషాలను కూడా అందులో చెక్కారు. ఆరు దోషాలు, ఆరుముఖాల పాచిక. ఆరున్నర శతాబ్దాల కిందటే ఎవరో ఈ పట్టిక రాసిపెట్టినట్టుంది.

దోషం తగిలినప్పుడు ఆ ఆరుముఖాల పాచిక వేయాలి. దాని మీద 1 పడితే కట్ట ఊట: తెచ్చిన నీళ్లలో సగం దారిలోనే ఇంకిపోతాయి. 2 పడితే చౌడు: నీళ్లు ఉప్పగా వస్తాయి, గోడలు అలకడానికి తప్ప తాగడానికి పనికిరావు. ‘ప్యూరిఫై ఫుడ్ అండ్ డ్రింక్’ విషాన్నీ రోగాన్నీ తీసేస్తుంది, ఉప్పును కాదని ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే అడుగుతారు. 3 పడితే రెండు రాజ్యాల సరిహద్దు: ఆ నీళ్లు మావని ఇంకొకరు హక్కు చెబుతారు, మర్నాడు తెల్లవారేసరికి వాళ్ల మనిషి గుమ్మం ముందు ఉంటాడు. 4 పడితే చెరువు నడుమ మిట్ట: నీళ్లు తీసినచోట అడుగు బయటపడి, దాచిందేదో ఊరందరి కంటా పడుతుంది. 5 పడితే నీళ్లు కొంచెం, పొలం ఎక్కువ: ఆ నీటి చోటు ఒకటి కాదు, రెండు మెట్లు దిగుతుంది. 6 పడితే నేల తక్కువ, నీళ్లు ఎక్కువ: అడిగినదానికి రెట్టింపు నీళ్లు ఒక్కసారిగా వచ్చి పాత్ర పగిలిపోతుంది, పది అడుగుల లోపు ఉన్నవాళ్లు డీసీ 13 స్ట్రెంగ్త్ సేవ్ వేయాలి, లేకపోతే కిందపడతారు.

ఇందులో మూడోది, నాలుగోది గేమ్ మాస్టర్‌కు బంగారం. అవి రెండూ వచ్చే వారం ఆటను తెచ్చిపెడతాయి. ఒకటి, రెండు, ఐదు అంకెల్లో తేలిపోతాయి. అన్నీ కథ మీదికే వెళ్తే ప్రతి స్నానానికీ ఒక రాజు దూత వచ్చి నిలబడతాడు, అది విసుగు.

ఈ కూర్పులో ఒక లాభం దానంతటదే వస్తుంది. డీ12 ఊట మీద 1 పడే అవకాశం ఎనిమిది శాతమే. డీ6 బావి మీద పదిహేడు, డీ4 చెలమ మీద ఇరవై అయిదు. నీళ్లు తరిగేకొద్దీ దోషం దగ్గరపడుతుంది. ప్రమాదాన్ని పెంచడానికి విడిగా ఇంకో నిబంధన రాయనక్కర్లేదు.

వాన పడ్డాక నీళ్లు ఊరాలి కదా. వానాకాలంలో ప్రతి నెలాఖరుకు గేమ్ మాస్టర్ ఒక్కో నీటి చోటును ఒక మెట్టు ఎక్కిస్తాడు, మొదట ఉన్న పాచికను మించకుండా. వాన తప్పిన ఏడు ఎక్కించడు. ఎండిన చోటు మళ్లీ డీ4తో మొదలవుతుంది. ఒక తాలూకా పటం మీద పదో పన్నెండో నీటి చోట్లు గుర్తుపెట్టి, పక్కన పాచిక గుర్తు పెన్సిల్‌తో రాసుకుంటే సరిపోతుంది. అంతకంటే ఎక్కువైతే ఎవరూ లెక్క చూడరు.

గుడ్‌బెర్రీని నిషేధించొద్దు. అది ఇచ్చే ఒక హిట్ పాయింట్ అలాగే ఉండనివ్వాలి, రోజు ఆకలి తీర్చే గుణానికి మాత్రం నిజంగా ఉన్న చెట్టు కావాలనాలి: రేగు, సీతాఫలం, బలుసు, ఏదో ఒకటి. చెట్టుకు డీ4. క్రియేట్ ఫుడ్ అండ్ వాటర్‌లోని తిండి కూడా ఎవరి గాదెలోంచో రావాలి, ఊరి గాదెకు డీ6. ఇంకో రంధ్రం మిగులుతుంది. అవుట్‌ల్యాండర్ (ఊళ్లకు దూరంగా అడవుల్లో పెరిగిన మనిషి) నేపథ్యం తీసుకున్న పాత్ర తనకూ మరో ఐదుగురికీ రోజూ తిండీ నీళ్లూ వెతికి తేగలదు, మంత్రం లేకుండానే. అయితే ‘ఆ నేల ఇస్తేనే’ అన్న షరతు పుస్తకంలోనే ఉంది. చుట్టుపక్కల నీటి చోట్లన్నీ ఎండితే నేల ఇవ్వదని ముందే చెప్పి ఉంచాలి.

పాచికల గురించి ఒక మాట. ఇరవైముఖాల పాచిక సీమ ఊళ్లలో అంగడికి వెళ్లి అడిగితే దొరికేది కాదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అవి వచ్చేలోపు గవ్వలతో నడిపే జట్లు ఉంటాయి. నాలుగు గవ్వలు వేస్తే, చాలా ఇళ్ల లెక్కలో, నాలుగూ నోరు పైకి పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకుంటే చమ్మాకు పదహారింట ఒకటి, అంటే 6.25 శాతం. ఇరవైముఖాల మీద 1 పడే ఐదు శాతానికి ఇది దగ్గరే. ‘మంత్రం వేసినప్పుడు చమ్మా పడితే దోషం’ అన్న నిబంధన అందుకే పనిచేస్తుంది. ఎనిమిది మంత్రాలు వేసిన రోజు కనీసం ఒక చమ్మా పడే అవకాశం నలభై శాతం. మంత్రం వేసేవాళ్లు ఇద్దరుంటే అరవై దాటుతుంది. అంతకంటే తరచుగా వద్దు.

గవ్వ మాత్రం సమానంగా పడదు. వీపు గుండ్రం, నోటి వైపు చదును. ఏ వైపు మొగ్గుతుందో ఆ గవ్వనే అడగాలి. ఒక్కోదాన్ని వందసార్లు వేసి రాసుకుంటే తెలుస్తుంది. నూటికి అరవైసార్లు నోరు పైకి పడే గవ్వలైతే చమ్మా అవకాశం 6.25 నుంచి 13 శాతానికి పెరుగుతుంది, అష్టా రెండున్నరకు పడిపోతుంది. అలాంటి గవ్వలతో దోషాన్ని అష్టాకు పెట్టాలి, లేదా చీల్చిన చింతగింజలకు మారాలి. వాటినీ వందసార్లు వేసి చూశాకే.

పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు తెలుగు నేల మీద ఇప్పటికీ వస్తున్నాయి. శత్రువు తరగతికి ‘చేతబడి’ అనో ‘బాణామతి’ అనో పేరు పెట్టి, ఊరి చివర ఒంటరి ముసలమ్మను ఆ పాత్రలో చూపించడం ఆ అనుమానానికే బలం ఇస్తుంది. పెట్టకూడదు. అలాగే ఇవాళ పూజలందుకుంటున్న దేవుళ్లనూ దర్గాల పీర్లనూ మంత్రాల జాబితాలోకి లాగకుండా, కొత్త దేవతల్ని కల్పించుకుంటే ఎవరి మనసూ నొవ్వదు.

కొత్త నిబంధనను పెట్టే పద్ధతి మీద నిబంధన బతుకు ఆధారపడుతుంది. ఒకసారికి ఒకటే మార్చాలి. విశ్రాంతినీ నీళ్లనూ ఒకే వారం మారిస్తే, ఆట బిగుసుకున్నప్పుడు ఏది కారణమో తెలియదు. నిబంధనను మూడు వాక్యాల్లో రాసి అందరికీ ఒక కాగితం ఇవ్వాలి. మూడింట పట్టకపోతే అది ఇంకా తయారవలేదు. సమయం కూడా ధరే: మంత్రానికి అర నిమిషం కలిపే నిబంధన, పాతిక మంత్రాలు పడే పూటలో పన్నెండు నిమిషాలకు పైగా తింటుంది. తరిగే పాచిక ఐదారు సెకన్ల పని, అందుకే దానికి చోటుంది.

మొదటి మూడు ఆటలూ పరీక్ష అని ముందే చెప్పాలి. ఒకరు చిన్న నోటు పుస్తకంలో మూడు సంగతులే రాయాలి: ఏ మంత్రం వేశారు, ఏ స్లాట్, దోషం పడిందా. మూడు ఆటల తర్వాత చూస్తే కబుర్లతో పనిలేకుండా నిజం బయటపడుతుంది. నీటి మంత్రం ఒక్కసారీ పడకపోతే ధర ఎక్కువైంది, బావుల్ని ఒక మెట్టు పెంచాలి. ప్రతి ఆటలో ఒక బావి ఎండిపోతుంటే పటం మీద చోట్లు తక్కువయ్యాయి. దోషాలన్నీ ఒకే మనిషికి పడుతుంటే పాచికను తప్పుపట్టే ముందు మంత్రాల సంఖ్య చూడాలి, క్లెరిక్ మిగతావాళ్లకంటే మూడింతలు వేస్తూ ఉండవచ్చు.

ఈ నిబంధన రాకముందే నీటి మంత్రాన్ని చూసి పాత్రను తీర్చుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు ఆ మంత్రాన్ని, కావాలంటే తరగతినే, ఏ నష్టమూ లేకుండా మార్చుకునే వీలివ్వాలి. మూడు ఆటల తర్వాత నిబంధనను ఎత్తేయాలని తేలితే, ఎండిన బావులు ఎండినట్టే ఉంటాయని, ఇకపై పిలిచే నీళ్లకు మాత్రం పాత పద్ధతి వర్తిస్తుందని కాగితం మీద రాసి, అది ఏ ఆట నుంచి అమలో తేదీ వేయాలి.